డాక్టర్ అన్సారీ – ఆయన వెంట వెళ్ళిన వైద్య దళం

పెద్ద జబ్బు చేసి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు వెళ్ళివచ్చిన కుటుంబాలు మన సభ్యులలో కొన్ని ఉన్నాయి. ఆ ఆసుపత్రి చీటీ మీద అన్సారీ నగర్ అని చిరునామా అచ్చువేసి ఉంటుంది. పాత ఢిల్లీలో దర్యాగంజ్ పోయినవారు అక్కడ అన్సారీ రోడ్డు చూసే ఉంటారు. పేరు ఇంతమంది నోట పలుకుతున్నది గాని, ఆ మనిషి ఎవరో చెప్పగలిగినవారు మన పిల్లలలో బహు కొద్దిమంది. కాంగ్రెస్ అధ్యక్షుడని కొందరికి తెలుసు. వైద్యుడని ఇంకా తక్కువమందికి తెలుసు. దేశం నుండి వైద్య సేవకుల దళాన్ని వెంటబెట్టుకొని, సముద్రం దాటి, యుద్ధంలో గాయపడినవారి మధ్యకు వెళ్ళిన మొదటి తరం మనుషులలో ఆయన ఒకరన్న సంగతి దాదాపు మరుగున పడిపోయింది. ఈ సంచికలో ఆ కథే చెప్పదలిచాము. మన సొసైటీ తరఫున ప్రథమ చికిత్స నేర్చుకుంటున్న యువకులు, యువతులు దీన్ని కాస్త నిదానంగా చదవాలని మా కోరిక.

డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ 1880 డిసెంబరు 25న ఇప్పటి ఉత్తర ప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో జన్మించారు. ఇంట్లో యునానీ వైద్యం ఉంది. అన్నగారు హకీం అబ్దుల్ వహాబ్‌కు చూపు లేదు. అందుకే ఆయన్ను హకీం నాబీనా అనేవారు. నాడి పట్టుకొని రోగం చెప్పడంలో ఆయన పేరు దేశమంతా మోగింది. అన్నగారు నాడి పట్టే హకీం, తమ్ముడు కత్తి పట్టే సర్జన్. ఒకే ఇంట్లో రెండు వైద్యాలు చక్కగా కాపురం చేశాయన్నమాట.

గాజీపూర్‌లో స్కూలు చదువు అయ్యాక కుటుంబం హైదరాబాదుకు వచ్చింది. ఆ తరువాత అన్సారీ మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. అక్కడి నుంచి నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళారు. కాబట్టి ఆయన పుట్టుక ఎక్కడిదైనా, డాక్టరు కావడంలో మన దక్షిణాది చెయ్యి ఉంది. హైదరాబాదు సొమ్ము, మద్రాసు చదువు ఆయనకు అక్కరకు వచ్చాయి. ఈ మాట మనం గర్వంగా చెప్పుకోవచ్చు. ఒక విద్యార్థికి ఇచ్చిన స్కాలర్‌షిప్ ఎంత దూరం పోతుందో మన విద్యానిధి కమిటీ వారు కూడా గమనించవచ్చు.

1905లో ఆయన ఎం.డి., ఎం.ఎస్. పట్టాలు రెండూ పొందారు. తరువాత లండన్‌లోని లాక్ హాస్పిటల్‌లోను, చేరింగ్ క్రాస్ హాస్పిటల్‌లోను పనిచేశారు. పాలకుల ముఖ్యపట్టణంలో, పాలకుల ఆసుపత్రిలో, పాలిత దేశం నుంచి వచ్చిన యువకుడు శస్త్రచికిత్సలు చేయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1910 ప్రాంతంలో స్వదేశానికి తిరిగివచ్చి, కొద్దికాలానికే ఢిల్లీలో స్థిరపడ్డారు. చెయ్యి మంచిదని పేరొచ్చింది. రాజులూ నవాబులూ కబురంపేవారు. ఆదాయం దండిగా ఉండేది. ఇక హాయిగా ఉండవచ్చు అనుకునే సమయానికి బాల్కన్ యుద్ధం వచ్చిపడింది.

ఆ యుద్ధం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. 1912 అక్టోబరులో మాంటినీగ్రో, సెర్బియా, బల్గేరియా, గ్రీసు దేశాలు నాలుగూ జట్టుకట్టి టర్కీ మీదికి వచ్చాయి. నెల తిరక్కుండానే టర్కీ సేనలు కిర్క్ కిలిస్సె దగ్గర, లూలె బుర్గాస్ దగ్గర ఓడిపోయి రాజధాని వైపు వెనక్కి తగ్గాయి. ఇస్తాంబుల్‌కు పడమట నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో చతల్జా అనే చోట కోటబారు ఉంది. నవంబరు 17, 18 తేదీల్లో అక్కడ బల్గేరియా సేనను ఎలాగో నిలువరించారు. డిసెంబరు 3న తాత్కాలిక యుద్ధ విరమణ జరిగింది.

గుండు తగిలి చచ్చినవారి సంగతి అందరికీ తెలుస్తుంది. గుండు తగలకుండా చచ్చినవారు ఎందరో పత్రికలలో పెద్దగా రాదు. చతల్జా బారులో కలరా పుట్టింది. రైలు పెట్టెల నిండా కలరా సైనికులను తెచ్చి రాజధాని శివారులోని శాన్ స్టెఫానో స్టేషను దగ్గర దింపితే, నీళ్ళిచ్చే దిక్కులేక అక్కడి నేల మీదనే వేలమంది పడి ఉన్నారు. నగరంలో ఆయా సోఫియా మసీదును కలరా రోగులకు వదలవలసి వచ్చింది. ఇది చాలదన్నట్టు, రుమేలియా పల్లెల నుంచి ఇళ్ళు వదిలి వచ్చిన ముహాజిర్లు ఎడ్లబండ్ల మీద పిల్లాజెల్లాతో నగరం వీధులు నింపేశారు. గాయపడినవారు, అంటురోగులు, కాందిశీకులు ముగ్గురూ ఒకేసారి ఒక ఊరి మీద పడితే ఆ ఊరి వైద్యం ఏమవుతుందో ఊహించుకోండి. పెద్ద ప్రమాదానికి చిన్న ఆసుపత్రికి ఉన్న తేడా ఇక్కడే ఉంది. పది మందికి చాలే వైద్యుడు వెయ్యి మంది ముందు నిలబడితే, అతని నైపుణ్యం కంటే అతని ఏర్పాటు ముఖ్యమైపోతుంది.

ఈ వార్తలు వింటుంటే హిందూస్థాన్‌లో ముస్లింల గుండెలు తరుక్కుపోయాయి. మౌలానా మొహమ్మద్ అలీ తన కామ్రేడ్ పత్రికను ఆ అక్టోబరులోనే కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చారు. ఆ పత్రిక ద్వారా చందాల కోసం పిలుపునిచ్చారు. ధనికులు వందలు ఇచ్చారు, లేనివాళ్ళు అణాలిచ్చారు. డబ్బు పంపడం వరకు అందరూ చేస్తారు. డబ్బుతోపాటు మనుషులను పంపాలన్నది వేరే ఆలోచన. దానికి నాయకుడెవరు అంటే, ముప్పై రెండేళ్ళు నిండబోతున్న అన్సారీ ముందుకు వచ్చారు. బాగా నడుస్తున్న ప్రాక్టీసును కట్టిపెట్టారు. ఇన్ని నెలలు రోగులు వేరే డాక్టరును చూసుకుంటారు, మళ్ళీ వస్తారో రారో తెలియదు. ప్రాక్టీసు అంటే ఏమిటో తెలిసిన మన డాక్టరు సభ్యులకు ఇందులోని త్యాగం విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇరవై మందికి పైగా దళం తయారైంది. అందులో పట్టా ఉన్న డాక్టర్లు కొద్దిమందే. మిగిలినవారిలో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు. అలీగఢ్‌లో పుస్తకాలు మూసి వచ్చినవారు. చౌధరీ ఖలీఖుజ్జమాన్, అబ్దుర్ రహమాన్ సిద్దీఖీ, షుఐబ్ ఖురైషీ వీరిలోనివారే. పెషావర్ నుంచి వచ్చిన అబ్దుర్ రహమాన్ అయితే ప్రయాణ ఖర్చుకు తన సామాను అమ్ముకున్నాడని చెబుతారు. వీళ్ళెవరూ డాక్టర్లు కారు. గాయాలు కడిగి కట్లు కట్టే డ్రెస్సర్లుగా, రోగుల పక్కన ఉండే మగ నర్సులుగా, సామాను లెక్క చూసే గుమాస్తాలుగా వెళ్ళారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. చాలామంది అనుకుంటారు, డాక్టర్లు కానివాళ్ళు అంత దూరం వెళ్ళి చేసేదేముంది అని. అసలు సంగతి ఏమిటంటే, గాయపడినవారు గుంపుగా వచ్చినప్పుడు ఒక్కో సర్జన్‌కు కనీసం నాలుగైదు జతల చేతులు తోడు కావాలి. ఒకరు బల్ల మీదికి ఎక్కించాలి, ఒకరు బట్టలు కత్తిరించి గాయం తెరవాలి, ఒకరు నీళ్ళు కాచాలి, ఒకరు కట్టు కట్టాలి, ఒకరు పేరు రాసుకోవాలి. పేరు రాయడం అన్నిటికంటే చిన్నదిగా కనిపిస్తుంది. అది లేకపోతే రేపు ఒక తల్లి వచ్చి నా కొడుకేడీ అంటే చెప్పేవాడుండడు. డాక్టరు చెయ్యి డాక్టరు పనికే మిగలాలంటే మిగతా చేతులు ముందే నేర్చి ఉండాలి. అన్సారీ దళంలో కుర్రాళ్ళ వాటా ఎక్కువ ఉండడానికి ఉత్సాహం ఒక్కటే కారణమని మేము అనుకోము. పని స్వభావమే అటువంటిది.

దళం డిసెంబరు నడిమిలో బొంబాయి రేవులో ఓడ ఎక్కింది. నెలాఖరుకు ఇస్తాంబుల్ చేరింది. బొంబాయి నుంచి వేరే దళం కూడా వెళ్ళింది గాని ఆ వివరాల్లోకి ఇప్పుడు పోము. ఇస్తాంబుల్‌లో దిగేసరికి లూలె బుర్గాస్ జరిగి రెండు నెలలు కావస్తున్నది. మొదటి ధాటికి గాయపడినవారిలో బతికేవారు బతికారు, పోయేవారు పోయారు. ఈ నిజాన్ని పూలదండల కింద దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు. వాళ్ళ శ్రద్ధలో లోపం లేదు. ఆపద వచ్చాక చందా మొదలైంది, చందా వచ్చాక మనుషుల ఎంపిక మొదలైంది, ఆ తరువాత అనుమతులు, సామాను, ఓడ. ఒక్కొక్క మెట్టుకు రోజులు పట్టాయి. యుద్ధగాయానికి రోజులు ఆగే ఓపిక లేదు. మొదటి ఆరు గంటల్లో కడగని గాయం చీము పడుతుంది. ఆ రోజుల్లో పెన్సిలిన్ లేదు, దాన్ని 1928లో గాని కనిపెట్టలేదు. రక్తనిధి అనే మాటే లేదు. చేతిలో ఉన్నదల్లా టింక్చర్ అయోడిన్, కాచిన నీళ్ళు, క్లోరోఫారం, కత్తి, ఓర్పు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు మన ఊళ్ళ నుంచి లారీల్లో బట్టలు, అన్నం పొట్లాలు బయల్దేరాయి. వెళ్ళినవారి మనసు గొప్పది. కాని అక్కడ కావలసిన పనులు, శవాలను తీయడం, మంచినీళ్ళు శుభ్రం చేయడం, అంటురోగం రాకుండా టీకాలు వేయడం, నేర్చినవాళ్ళు చేయవలసినవి. ఇస్తాంబుల్ కథ చదువుతుంటే మాకు దివిసీమే గుర్తుకొస్తుంటుంది.

అయితే అన్సారీ దళం ఆలస్యంగా వెళ్ళడంలో ఒక మేలు కూడా జరిగింది. అది విరామకాలం. జనవరి నెలంతా లండన్‌లో సంధి చర్చలు నడుస్తున్నాయి. ఆ సమయంలో మనవాళ్ళు ఇస్తాంబుల్ ఆసుపత్రిలో పనికి కుదిరారు. అక్కడి పద్ధతులు, అక్కడి మందుల పేర్లు, అక్కడి మనుషులు అలవాటయ్యారు. ఉర్దూలో, తుర్కీలో అరబ్బీ ఫారసీ మాటలు బోలెడు కలుస్తాయి గనుక మొదట ఆ మాటలతో సగం, సైగలతో సగం నెట్టుకొచ్చేవారు. జనవరి 23న ఇస్తాంబుల్‌లో ప్రభుత్వం తలకిందులైంది. సంధి మాటలు చెడ్డాయి. ఫిబ్రవరి 3న మళ్ళీ ఫిరంగులు మోగాయి. ఈసారి మాత్రం మన దళం బొంబాయిలో రసీదులు లెక్కపెట్టుకుంటూ లేదు. అక్కడే, చేతులు కడుక్కొని సిద్ధంగా ఉంది.

అన్సారీ గారు రాజధానిలోని పెద్ద భవనాలతో తృప్తి పడలేదు. గాయపడ్డవాడు ఆసుపత్రి దాకా వచ్చేలోపు సగం ప్రాణం దారిలో పోతున్నదని ఆయన గ్రహించారు. టర్కీ సేనలో గాయపడినవారిని ఎక్కువగా ఎడ్లబండ్ల మీద తరలించేవారు. స్ప్రింగులు లేని బండి, గతుకుల బాట, బురద, మంచు. విరిగిన తొడ ఎముకతో అలా ఒక పగలు ప్రయాణం చేస్తే ఏమవుతుందో మన ఎముకల డాక్టర్లను అడగండి. అందుచేత చతల్జా బారు వెనుక ఓమెర్లీ అనే చోట ఆసుపత్రి పెట్టారు. దళంలో ఒక భాగం దార్దనెల్స్ జలసంధి దగ్గర చనక్కలేలో పనిచేసింది. ఆ వైపు గల్లిపోలి ద్వీపకల్పపు మెడ మీద బులైర్ అనే చోట ఫిబ్రవరిలో భీకరమైన పోరు జరిగింది.

ఇటువంటి ఆసుపత్రిలో మొదటి సూత్రం ఏరడం. ఎవడు గట్టిగా అరుస్తున్నాడో వాడి దగ్గరికి పరుగెత్తకూడదు. అరిచేవాడికి ఊపిరి ఉంది. మూల పడి మాట్లాడకుండా ఉన్నవాడిని ముందు చూడాలి. నెపోలియన్ సేనలో పనిచేసిన లారే అనే ఫ్రెంచి సర్జన్ ఈ పద్ధతికి దారి వేశాడు. హోదా చూడకుండా, దేశం చూడకుండా, గాయం తీవ్రత చూసి వరుస నిర్ణయించాలన్నాడు. ఈ రోజు మన ఊళ్ళలో బస్సు ప్రమాదం జరిగినా ఆసుపత్రి గుమ్మంలో ట్రయాజ్ అని చేసేది అదే. చేతికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు చీటీలు కడతారు. అప్పుడు రంగు చీటీలు లేకపోయినా లెక్క అదే. ముందు ఎవరిని బల్ల మీదికి ఎక్కించాలి, ఎవరికి కట్టు కట్టి కూర్చోబెట్టాలి, ఎవరి దగ్గర చెయ్యి పట్టుకొని కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. ఈ మూడో నిర్ణయం డాక్టరు మనసును ముక్కలు చేస్తుంది. లండన్‌లో తీరిగ్గా ఒక్కో రోగికి ఆపరేషన్ చేసిన మనిషికి ఇది కొత్త చదువు.

రెండో సూత్రం శుభ్రం. ఇస్తాంబుల్‌కు ఎదురుగా, జలసంధికి ఆవలి ఒడ్డున ఉస్కుదార్ బారకాసుల్లోనే 1854లో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో దిగింది. అక్కడ సైనికులు గాయాల కంటే ఎక్కువగా మురికి వల్ల, జ్వరాల వల్ల చస్తున్నారని తేల్చింది. దాదాపు అరవయ్యేళ్ళ తరువాత అదే నీటికి ఈవలి ఒడ్డున మళ్ళీ అదే కథ. కలరా రోగిని గాయం రోగి పక్కన పడుకోబెడితే తెల్లారేసరికి ఇద్దరూ కలరా రోగులే. మరుగుదొడ్డి గుంట ఎక్కడ తవ్వాలి, తాగే నీళ్ళు ఎవరు కాచాలి అనేవి శస్త్రచికిత్స కంటే ముందు తేల్చవలసిన విషయాలు. ఇంగ్లండులో రెండు పట్టాలు పొందిన సర్జన్ మరుగుదొడ్డి గుంటల గురించి తల బద్దలు కొట్టుకోవలసి రావడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. మాకు అలా తోచలేదు.

అన్సారీ గారు అక్కడి నుంచి ఉత్తరాలు రాసేవారు. అవి కామ్రేడ్‌లో అచ్చయ్యేవి. చందా ఇచ్చినవారికి తమ పైసా ఎక్కడ ఏమయిందో తెలిసేది. ఇంత పని మధ్య కూర్చొని ఉత్తరం రాయడం ఎందుకంటే, లెక్క చెప్పని సేవకు మరుసటిసారి చందా పుట్టదు. మన ఖజానాదారు గారు ఈ వాక్యం చూసి సంతోషిస్తారని మాకు తెలుసు.

మార్చి 26న ఐదు నెలల ముట్టడి తరువాత ఎడిర్న పట్టణం పడిపోయింది. మే 30న లండన్‌లో ఒడంబడిక జరిగింది. కట్లు కట్టే పని తగ్గింది గాని ముహాజిర్ల పని తగ్గలేదు. ఇల్లూ పొలమూ పోగొట్టుకొని వచ్చిన ఆ కుటుంబాలను అనటోలియాలో భూమి ఇచ్చి స్థిరపరచాలని అన్సారీ, మిత్రులు ఒక పథకం ఆలోచించారు. గాయం మానిన మనిషికి తిరిగి వెళ్ళడానికి ఇల్లే లేకపోతే వైద్యం పూర్తయినట్టు కాదు. ఆ పథకం అనుకున్నంత ముందుకు సాగలేదు. 1913 జూలైలో దళం స్వదేశానికి తిరిగివచ్చింది. ఊరూరా స్వాగతాలు, ఊరేగింపులు జరిగాయి.

తిరిగిరాని వాడొకడున్నాడు. సామాను అమ్ముకొని వెళ్ళిన పెషావర్ అబ్దుర్ రహమాన్ అక్కడే ఉండిపోయాడు. టర్కీ సేనలో చేరాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలిలో గాయపడ్డాడు. 1920లో అంకారాలో అనడోలు వార్తా సంస్థ మొదలైనప్పుడు అందులో పనిచేశాడు. కొత్త టర్కీ తరఫున ఆఫ్ఘనిస్తానుకు రాయబారిగా వెళ్ళాడు. 1925లో ఇస్తాంబుల్‌లో అతన్ని కాల్చి చంపారు. రవూఫ్ బేగ్ అనే నాయకుడి పోలికలుండడంతో అతడే అనుకొని కాల్చారంటారు. డ్రెస్సరుగా వెళ్ళిన కుర్రవాడి జీవితం ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో చూడండి. మిగిలిన కుర్రాళ్ళలో ఖలీఖుజ్జమాన్, సిద్దీఖీ, ఖురైషీ తరువాత ముస్లిం లీగ్ దారి పట్టి పాకిస్తాన్ వెళ్ళారు. వాళ్ళ నాయకుడు ఆ దారి పట్టలేదు.

అన్సారీ గారి రాజకీయ జీవితం గురించి పుస్తకాలున్నాయి, మేము క్లుప్తంగానే చెబుతాము. 1920 జనవరిలో ఖిలాఫత్ విషయమై వైస్రాయిని కలిసిన ప్రతినిధి వర్గానికి ఆయనే నాయకత్వం వహించారు. అదే ఏడు నాగపూర్‌లో ముస్లిం లీగ్‌కు అధ్యక్షత వహించారు. 1924 మార్చి 3న టర్కీ వారే ఖిలాఫత్‌ను రద్దు చేశారు. ఏ ఆసనం కోసం లక్షలాదిమంది జైళ్ళకు పోయారో ఆ ఆసనాన్ని దాని సొంతవాళ్ళే తీసి పక్కన పెట్టారు. చాలామంది కుంగిపోయారు, కొందరికి కోపం వచ్చింది. ఓమెర్లీలో కట్టిన కట్లు మాత్రం ఎవరూ రద్దు చేయలేరు కదా. అన్సారీ టర్కీతో స్నేహం తెంచుకోలేదు. ఆ దేశపు రవూఫ్ బేగ్ 1933లోను, రచయిత్రి హాలిదే ఎదీబ్ 1935లోను ఢిల్లీ వచ్చి జామియాలో ఉపన్యాసాలిచ్చారు. హాలిదే ఖానం ఆయన ఇంటి అతిథి.

దర్యాగంజ్‌లోని ఆ ఇంటి పేరు దారుస్సలాం. బేగం షంసున్నిసా గారి చేతి మీదుగా ఆ ఇంట్లో ఎందరు అన్నం తిన్నారో లెక్కలేదు. 1931లో ఇర్విన్‌తో చర్చలప్పుడు గాంధీజీ బస అక్కడే, వర్కింగ్ కమిటీ వారి రాకపోకలు అక్కడే. అతిథులు వచ్చేది ఎప్పుడో చెప్పరు, ఎందరో చెప్పరు. ఒక రకంగా ఆవిడ కూడా పెద్ద గుంపులకు సిద్ధంగా ఉండడం నేర్చినవారే. పుస్తకాలలో బేగం గారికి ఒక వాక్యం కంటే ఎక్కువ చోటు దొరకదు, అది మాకు కష్టంగా ఉంటుంది.

గాంధీజీ 1924 సెప్టెంబరులో హిందూ ముస్లిం ఐక్యత కోసం ఢిల్లీలో మౌలానా మొహమ్మద్ అలీ ఇంట్లో 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టినప్పుడు పక్కనుండి చూసుకున్న డాక్టర్లు అన్సారీ, అబ్దుర్ రహమాన్. ఈ అబ్దుర్ రహమాన్ పెషావర్ కుర్రవాడు కాడు, ఢిల్లీ డాక్టరు. 1926 డిసెంబరులో స్వామి శ్రద్ధానంద న్యుమోనియాతో మంచం పట్టినప్పుడు వైద్యం చేస్తున్నదీ అన్సారీ గారే. స్వామి కోలుకుంటూ ఉండగా డిసెంబరు 23న ఒక ముస్లిం ఆయన్ను మంచం మీదనే కాల్చి చంపాడు. ప్రాణం పోయడానికి రోజూ వెళ్ళివస్తున్న ముస్లిం ఒకడు, ప్రాణం తీయడానికి వచ్చిన ముస్లిం ఒకడు. ఆ రోజు ఆ డాక్టరు మనసు ఎలా ఉండి ఉంటుందో మేము రాయలేము.

మరుసటి ఏడే, 1927 డిసెంబరులో, మద్రాసు కాంగ్రెస్‌కు ఆయన అధ్యక్షులు. తాను వైద్యం చదివిన ఊరికి ఈ హోదాలో తిరిగివచ్చారు. అప్పటికి మన కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనివే గనుక ఆ పందిట్లో తెలుగు ప్రతినిధులు నిండుగా ఉన్నారు. సైమన్ కమిషన్‌ను బహిష్కరించాలని, సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమని తీర్మానాలు అక్కడే జరిగాయి. ఆ సభలు ముగిసిన రోజుల్లోనే, డిసెంబరు 29న, ఆయన ప్రాణమిత్రుడు హకీం అజ్మల్ ఖాన్ కన్నుమూశారు. అజ్మల్ ఖాన్ మోస్తున్న జామియా మిల్లియా భారం 1928 నుంచి అన్సారీ భుజం మీద పడింది. చనిపోయేవరకు ఆ విద్యాసంస్థకు ఆయనే అమీర్. జీతాలివ్వడానికి డబ్బుండేది కాదు. జాకిర్ హుసేన్ వంటి అధ్యాపకులు కొద్దిపాటి జీతంతో సరిపెట్టుకునేవారు. అన్సారీ తన సంపాదనలోంచి తీసేవారు, చాలకపోతే స్నేహితుల ముందు చెయ్యి చాచేవారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. నవాబులు, నాయకులు ఉండగా వాళ్ళెవరి చేతా వేయించకుండా బడిలో అందరికంటే చిన్నపిల్లవాడి చేత ఆ రాయి వేయించారు.

ఆయన అన్ని విషయాలలోను సరిగ్గానే ఉన్నారని మేము అనము. చివరి సంవత్సరాలలో జంతువుల గ్రంథులను మనుషులకు అతికి యౌవనం తిరిగి తెచ్చే చికిత్స మీద ఆయనకు గట్టి నమ్మకం కలిగింది. ఐరోపాలో అప్పట్లో ఆ పిచ్చి బాగా వ్యాపించి ఉంది. ఆయన కూడా ఆ శస్త్రచికిత్సలు చేసి, దాని మీద పుస్తకం రాశారు. తరువాతి వైద్యశాస్త్రం ఆ దారిని పూర్తిగా వదిలేసింది. దాని జోలికి పోకుండా ఉంటే బాగుండేదని వైద్యులైన మన మిత్రులు అంటారు. మా అభిప్రాయమూ అదే.

రెండుసార్లు జైలు, ఎడతెగని ప్రయాణాలు, రోగులు, సభలు, చందాలు. గుండె జబ్బు ముదిరింది. 1934లో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు అధ్యక్ష పదవి తీసుకున్నా ఆరోగ్యం సహకరించలేదు. ఐరోపా డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నారు, ఆయన తన రోగులకు ఇదే మాట ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. 1936 మే నెలలో రాంపూర్ నవాబును చూడడానికి ముస్సోరీ వెళ్ళారు. రోగిని చూశారు. ఢిల్లీకి తిరుగు ప్రయాణంలో, మే 10న, రైలులోనే గుండె ఆగింది. అప్పటికి ఆయన వయసు యాభై ఐదు. తన చుట్టూ ఎప్పుడూ డాక్టర్లను, డ్రెస్సర్లను నిలబెట్టుకొని పనిచేసిన మనిషికి ఆ రైలు పెట్టెలో చికిత్స చేసే అవకాశమే లేకపోయింది. ఓఖ్లాలో జామియా నేలలో ఆయన్ను ఖననం చేశారు. ఢిల్లీ వెళ్ళే మన సభ్యులు ఆసుపత్రి పని చూసుకున్నాక, వీలైతే అక్కడ ఒక ఫాతిహా చదివి రావచ్చు. అన్సారీ నగర్ నుంచి అట్టే దూరం లేదు.